కాన్యన్ అంటే గొట్టమండి

"స్పెయిన్ వాడికి మాత్రం ఆకాశం నుంచి ఊడిపడిందా ఆ మాట?" అన్నారు వెంకటరాఘవయ్య, ఇడ్లీ ముక్కతో గాలిలో ఒక ధాతువు రాసి చూపిస్తూ.

అది మూడో రోజు. మొదటిరోజు ఆ గొడవ కాఫీ దగ్గర మొదలై కాఫీ దగ్గరే ఆగింది. రెండోరోజు భోజనాల దాకా పాకింది. మూడోరోజు పొద్దున ఇడ్లీల దగ్గరికి వచ్చేసరికి దానికి కాళ్ళూ చేతులూ మొలిచాయి.

"ఆకాశం నుంచి పడిందని నేననలేదు నాన్నా. అది స్పానిష్ మాట అని మా టెక్స్ట్‌బుక్‌లో ఉందన్నాను, అంతే," అంది శరణ్య.

"దానికి ముందు ఎక్కడుందో నీ టెక్స్ట్‌బుక్ చెప్పిందా?"

చెప్పలేదు. మూడు రోజులుగా శరణ్య వాదన సరిగ్గా అక్కడే ఆగిపోతోంది. బాపట్లలో ఒక డిగ్రీ కాలేజీలో ఐదేళ్ళుగా జాగ్రఫీ చెబుతోంది. నది కోసుకుపోయిన లోతైన లోయని కాన్యన్ అంటారనీ, మన గండికోటలో పెన్న కోసింది అలాంటిదేననీ నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఆ మాటకు అర్థమేమిటి, ఎందుకొచ్చింది అంటే మాత్రం నోరు పెగలదు.

రాఘవయ్యగారు తెలుగు పండితుడిగా ముప్ఫై మూడేళ్ళు చేసి రిటైరయ్యారు. హైస్కూలు పిల్లల కోసం కొండలూ కాలవలూ లోయల పేర్లు ఎలా పుట్టాయో చెబుతూ ఒక పుస్తకం రాశారు. మొత్తం రెండువందల పన్నెండు మాటలు. వాటికోసం ఆయన తిరగని ఊరు లేదు. మాట గురించి పుస్తకాన్ని కాదు, ఆ మాట వాడే మనిషిని అడగాలనేది ఆయన పద్ధతి. లంకల్లో రైతుల్నీ, కాలవ లాకులు ఎత్తి దించే లస్కర్లనీ, పడవవాళ్ళనీ కూర్చోబెట్టి అడిగి రాసుకున్నారు. ఒక్క కాన్యన్‌కి మాత్రం అడగడానికి మనిషి దొరకలేదు. దాంతో తన సంస్కృతాన్నే అడిగారు. 'ఖన్' అంటే తవ్వడం, ఖన్యం అంటే తవ్వదగినది, అదే పడమటికి పోయి కాన్యన్ అయిందని రాసేశారు.

తమ్ముడు భరద్వాజ ఫోన్ తీసి, ఇంటర్నెట్‌లో చూస్తే అర నిమిషంలో తేలిపోతుంది కదా అన్నాడు. అందులో ఎవడైనా ఏమైనా రాయొచ్చని, దాన్ని ప్రమాణంగా తీసుకునేంత గతిమాలిపోలేదని ఆయన కళ్ళజోడు సవరించుకున్నారు.

"ఆ మాట ఎక్కడైనా పుట్టనివ్వండి, పెరుగుతున్నది మాత్రం నా టేబులు మీద," అంది అమ్మ సీతాలక్ష్మి. భోజనాల బల్ల నిండా ప్రూఫు కాగితాలే. చట్నీ గిన్నె పెట్టడానికి చోటులేక ఆవిడ దాన్ని చేత్తోనే పట్టుకుని నిలబడి ఉంది. "ఇంకో నాలుగు వారాల్లో అచ్చుకు వెళ్ళకపోతే ఆ రెండువందల పన్నెండింటికీ నేనే పోపు పెడతాను."

శరణ్య క్యారేజీ తీసుకుని తెనాలి స్టేషన్‌కి పరుగెత్తింది.

*

పాసింజరు చుండూరు దాటాక సీటు దొరికింది. వెంటనే తోటి లెక్చరర్ దుర్గకి ఫోన్ చేసి మనసులో మంటంతా వెళ్ళగక్కింది. కాన్యన్ సంస్కృతమట, ఖన్ అట, ఎవరో పండితుడు రాశాట్ట. తన సొంత నాన్నే ఆ పండితుడని దుర్గకు కూడా చెప్పబుద్ధి కాలేదు.

సరిగ్గా అప్పుడే బండి బ్రేకు వేసింది. ఎదుటి సీటు కిందనుంచి ఒక ఇనప గొట్టం దొర్లుకుంటూ వచ్చి ఆమె కాలి బొటనవేలికి తగిలింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎవరిదండి ఇది?"

"నాదేనండి. సారీ అండి." ఎదుటి సీట్లో కుర్రాడు వంగి గొట్టాన్ని గోనెసంచిలోకి తోశాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఎండకు మాడిన రంగు, ఆ రంగుకి ఏమాత్రం పొత్తు కుదరని తెల్లటి నవ్వు. "బ్రేకు బండి వేసిందండి, నేను కాదు."

శరణ్య కిటికీ వైపు తిరిగింది. అతను ఒక నిమిషం ఆగాడు. గొంతు సవరించుకున్నాడు. ఇంకో నిమిషం ఆగాడు.

"ఒక మాట చెప్పొచ్చా అండి? కాన్యన్ అంటే గొట్టమండి."

ఆమెకు ఒళ్ళు మండింది. ఊళ్ళో పోకిరీలు ఎవరినైనా తీసిపారేయడానికి వాడే మాట అది. "మిమ్మల్ని ఎవరైనా అడిగారా?"

"లేదండి. కానీ గొట్టాలు మోసేవాడి ముందు గొట్టం గురించి మాట్లాడితే ఎలా ఊరుకుంటానండి?"

అతని పేరు నాగశివ. సరుకు ఓడల్లో ఏడేళ్ళు ఇంజన్‌రూమ్ ఫిట్టర్‌గా చేశాడు. ఇప్పుడు రేపల్లె చుట్టుపక్కల రైస్‌మిల్లులకు బాయిలర్లు బాగుచేస్తున్నాడు. ఆ నెలంతా బాపట్లలో ఒక మిల్లులో పని. గొట్టాలు తెనాలిలో కొని రోజూ మోసుకుపోవాలి గనక అక్కడే చుట్టాలింట్లో ఉంటున్నాడు. ఓడలో అతని మీద అధికారి స్పెయిన్ మనిషి. ఆ మనిషికి కోపం వస్తే ఇంగ్లీషు మరచిపోయేవాడు. కోపం రోజూ వచ్చేది. అలా నాగశివకి స్పానిష్ వచ్చింది.

"కాన్యా అంటే రెల్లండి, మన కాలవ గట్ల మీద ఉంటుందే, లోపల డొల్లగా, అలాంటిది. కాన్యో అంటే గొట్టం. ఇందాక మీ కాలికి తగిలింది కాన్యో. చివర్లో 'ఓన్' అని చేరిస్తే వాళ్ళకు పెద్దదని అర్థం. కాన్యోన్ అంటే పెద్ద గొట్టం. ఫిరంగి గొట్టాన్నీ అదే మాటతో అంటారు, రెండువైపులా గోడలు లేచి మధ్యలో నీళ్ళు పారే లోయనీ అదే మాటతో అంటారు. ఇంగ్లీషోళ్ళు దాన్నే తీసుకున్నారు."

శరణ్య కాలినొప్పి మరచిపోయింది. ఐదేళ్ళుగా తరగతిలో నల్లబల్ల మీద రాస్తున్న మాట లోపల ఒక రెల్లుదుబ్బు ఉంది. ఆ సంగతి తను చదివిన పుస్తకాలేవీ చెప్పలేదు. గోనెసంచిలో గొట్టాలతో పాసింజరులో వెళ్ళే మనిషి చెప్పాడు.

"మీరూ బాపట్లలోనే దిగాలన్నారు కదండి ఫోన్‌లో?" అన్నాడతను. "బాపట్ల వచ్చి రెండు నిమిషాలైంది."

*

మర్నాడు అదే పెట్టెలో అతనికి ఎదురుగా సీటు ఖాళీ ఉంది. ఎందుకు ఖాళీ ఉందంటే దాని మీద గోనెసంచి ఉంది గనక. ఆమె రాగానే సంచి కిందికి దిగింది.

శరణ్య అతనికి పరీక్ష పెట్టడం మొదలుపెట్టింది. పైన చదునుగా ఉండే కొండని మేసా అంటారు, మరి మేసా అంటే ఏమిటి? బల్ల అన్నాడు, ఓడలో రోజూ దానిమీదే అన్నం తిన్నాడు. పర్వతాల వరసని సియెర్రా అంటారు, మరి అదేమిటి? రంపం అన్నాడు, ఎడమచేతి చూపుడువేలి మీద దాని గుర్తు చూపించాడు. పళ్ళూ పళ్ళూగా ఉండే శిఖరాలకు ఆ పేరు ఎందుకొచ్చిందో ఆ వేలు చూశాక ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

"సవానా?"

"అది తెలీదండి. గడ్డిలో ఓడ నడవదు కదా." ఆమె నవ్వితే అతను ధైర్యం తెచ్చుకున్నాడు. "చూశారా అండి, మీ జాగ్రఫీ అంతా మా వర్క్‌షాపే. మీరు దానికి దూరంనుంచి బొమ్మలు గీస్తున్నారు."

వానలు పట్టాయి. నిడుబ్రోలు దగ్గర బండి ఆగితే ఇద్దరూ కిటికీ షట్టరు దించడానికి ఒకేసారి చేతులు పెట్టేవారు, షట్టరు మాత్రం సగంలోనే ఉండిపోయేది. క్యారేజీలో దోసకాయ పప్పు ఉన్నరోజు అతను దాని వాసన చూసి పేరు చెప్పేవాడు. ఆమె తల దించుకుని పేపర్లు దిద్దుతుంటే ఎన్ని సున్నాలు పడ్డాయో లెక్కపెట్టి ఆ పిల్లల తరఫున నిట్టూర్చేవాడు. ఆమెకి ఆదివారాలంటే విసుగు పుట్టడం మొదలైంది.

"ఇంతకీ ఆ ఖన్ పండితుడు ఎవరండి? ఆయన్ని ఒకసారి మా బాయిలర్ దగ్గరికి తీసుకురండి. రెండు గొట్టాలు మోయిస్తే దారిలోకొస్తాడు," అన్నాడొకరోజు.

ఆ రోజు ఆమె మాట మార్చింది. రెండు రోజుల తర్వాత, ఇంక దాచలేక, ఆ పండితుడు తన నాన్నే అనీ, పేరు వెంకటరాఘవయ్య అనీ చెప్పింది.

నాగశివ కదిలే బండిలో నిలబడిపోయాడు. నల్లటి మొహం తెల్లబోవడం ఎలా ఉంటుందో శరణ్య మొదటిసారి చూసింది.

"రేపల్లె హైస్కూల్లో చేశారు, ఆ మాస్టారా? నేను గొట్టాలు మోయిస్తానన్నది మా మాస్టారి చేతనా?"

ఆ తర్వాత బాపట్ల దాకా అతను నోరెత్తలేదు. రెండు రోజులు ముక్తసరిగా ఊకొట్టాడు. శుక్రవారం నాడు సీటు మీద సంచి లేదు, అతనూ లేడు. బాపట్లలో పని అయిపోయి ఉంటుంది. అయిపోయే పనే అని ఆమెకు ముందే తెలుసు. అయినా ఆ ఖాళీ సీటు చూడగానే ఎవరో గుండెల మీద చెయ్యి పెట్టి తోసినట్టయింది. తనకు ఇంత జరిగిందని అప్పటిదాకా ఆమెకే తెలియదు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి మేనత్త ప్రసన్నలక్ష్మి చీరాలనుంచి దిగి ఉంది. మంచి సంబంధం, పై ఆదివారం చూడ్డానికి వస్తామన్నారు, పిల్లాడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేరు అని ఏకబిగిన చెప్పింది. నాన్న అటు వినీ వినకుండా, సోమవారం పుస్తకం అచ్చెక్కుతోందని సంతోషంగా అన్నారు. శరణ్య ఫోనులో నాగశివ మెసేజ్ వచ్చి ఉంది: "ఆదివారం పది గంటలకు మీ ఇంటికి వస్తానండి. మాస్టారితో రెండు మాటలు మాట్లాడాలి."

*

ఎన్నిసార్లు చేసినా అతను ఫోన్ ఎత్తలేదు. శనివారం మధ్యాహ్నం కాలేజీ అయ్యాక శరణ్య తెనాలిలో దిగి ఇంటికి పోకుండా రేపల్లె బండెక్కింది. ఆ పట్టాలు రేపల్లెతో ఆఖరు. అక్కడ దిగినవాళ్ళకి ముందుకు పోవడమన్నది ఉండదు, తేల్చుకోవడమే.

స్టేషన్ దగ్గర బాయిలర్ నాగశివ అంటే రిక్షా అతను సరాసరి మిల్లు ముందు దింపాడు. వాన పడుతోంది. నాగశివ మసి చేతులతో బయటికి వచ్చి, ఆమెను చూసి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు.

"రెండు మాటలన్నారు. ఏంటవి?" అంది శరణ్య.

"ఒకటి కాన్యనండి. రెండోది మీరు."

ఊక వాసనా, ఆవిరి చప్పుడూ, రేకుల మీద వాన. ఇలాంటి చోట, ఇలాంటి మాట, ఇంత మామూలుగా. ఆమె మొహం మీద వాన తుడుచుకుంది.

"ఏ వరసలో?"

"చెప్పిన వరసలోనే అండి."

ఆమె బతిమాలింది. రెండోది ముందు అడగమంది. మొదటిది పుస్తకం అచ్చయ్యాక నెమ్మదిగా చెప్పొచ్చు, అసలు చెప్పకపోయినా కొంపలేం మునగవంది. అది నాన్న ముప్ఫై ఏళ్ళ కష్టమని, కూతురు చెబితేనే ఇడ్లీలు చల్లారిపోయేదాకా వాదించారని, బయటివాడు ఇంటికొచ్చి తప్పు రాశారంటే ఊరుకోరని చెప్పింది. ఇంకో కారణం కూడా ఉంది. అది చెప్పడానికి ఆమె కొంచెం తడబడింది. అతని నాన్న కోటయ్య నిజాంపట్నం రేవునుంచి చేపల వేటకెళ్ళే మనిషి, అమ్మ గంగరత్నం రేపల్లె మార్కెట్లో చేపల బుట్ట పెట్టుకుని కూర్చుంటుంది. ఉల్లిపాయ కూడా వారానికి మూడురోజులు నిషేధమైన ఇల్లు తమది. దానికే ఒప్పించాలి, పైన ఇదొకటా?

"మాస్టారి దగ్గర తప్పు దాచి ఆయన పిల్లనడిగితే, రేపు ఆయన పక్కన కూర్చుని తినే ముద్ద నాకు దిగదండి."

"అయితే అసలు రావద్దు."

ఆమె విసురుగా వెనక్కి తిరిగి వానలోనే స్టేషన్ దాకా నడిచింది. బండి కదలబోతుంటే కిటికీలోంచి ఒక గొడుగు లోపలికి వచ్చింది. దాని వెనక రొప్పుతూ నాగశివ మొహం.

"ఉంచండి. రేపు పది గంటలకొచ్చి తీసుకుంటాను."

*

పదికి ఐదు నిమిషాలుండగా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నూనె రాసిన జుట్టు. రాఘవయ్యగారు ముందుగదిలో తన పేము కుర్చీలో కూర్చుని ఆఖరి ప్రూఫు మీద సంతకం పెట్టబోతున్నారు. ప్రసన్నలక్ష్మి మల్లెమొగ్గలు కడుతోంది. శరణ్య వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది.

అతను మాస్టారి కాళ్ళకు దణ్ణం పెట్టాడు. తనెవరో చెప్పలేదు. నిలబడే, ఒక్క ఊపిరిలో చెప్పేశాడు.

"మాస్టారూ, మీ పుస్తకంలో కాన్యన్ తప్పండి. అది ఖన్ నుంచి రాలేదు. గొట్టం నుంచి వచ్చింది."

ప్రసన్నలక్ష్మి చేతిలో దారం జారింది. భరద్వాజ చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీశాడు. తన ఇంట్లో ప్రూఫులోని మాట ఈ అపరిచితుడికి ఎలా తెలిసిందని రాఘవయ్యగారు ఒకసారి వంటింటి గుమ్మం వైపు చూశారు. శరణ్య నేల చూసింది.

"ఆధారం?" అన్నారాయన.

"ఆ మాట వాడే మనిషండి," అని నాగశివ ఫోన్ తీశాడు.

స్పెయిన్‌లో అప్పుడే తెల్లవారుతోందిట. వీగో అనే రేవులో, నోట్లో బ్రష్షుతో ఒక పెద్దమనిషి తెరమీదికి వచ్చాడు. అతని పేరు మాన్వెల్, నాగశివ పాత అధికారి. నాగశివ అతనితో చకచకా ఏదో మాట్లాడాడు. ఆ భాష తెనాలి ముందుగదిలో వినపడుతుంటే శరణ్య సహా అందరూ నోళ్ళు తెరిచి చూస్తున్నారు. మాన్వెల్ ఫోన్ పట్టుకుని పెరట్లోకి నడిచి, ఒక పొదలోంచి కాడ విరిచి, డొల్లని తెరకు దగ్గరగా పెట్టాడు. "కాన్యా," అన్నాడు. గోడ పక్కన నీళ్ళు కారే గొట్టం మీద చెయ్యి వేశాడు. "కాన్యో." తర్వాత రెండు చేతులూ బార్లా చాపబోయి ఫోన్ కింద పడేశాడు. నేలమీదనుంచి ఆకాశమూ, అతని గొంతూ మాత్రం వచ్చాయి. "కాన్యోన్."

"అది మన కిక్కిస గడ్డి కదూ," అంది సీతాలక్ష్మి, ఎప్పుడొచ్చిందో భర్త భుజం మీదుగా చూస్తూ. "కాకపోతే చెల్లెలై ఉంటుంది."

ఫోన్ పెట్టేశాక రాఘవయ్యగారు ప్రూఫు కాగితం ముందుకు లాక్కున్నారు. పెన్ను తీసి ఆ ఐదు పంక్తుల మీద ఒక గీత గీశారు. ఆ గీత గీసినప్పుడు తన వీపు మీద గీసినట్టు శరణ్య ఉలిక్కిపడింది.

ఆ తర్వాత ఆయన కుర్చీలోంచి లేచి, పక్కకు తప్పుకుని, "కూర్చో," అన్నారు.

నాగశివ రెండడుగులు వెనక్కి వేశాడు. "వద్దండి మాస్టారూ."

"రూలు రూలే. కూర్చో."

ఆ రూలేమిటో ఇంట్లో వాళ్ళకు తెలియదు. అది బడిలోది. రాఘవయ్యగారి తరగతిలో ఆయన తప్పు పట్టుకున్న పిల్లవాడు పీరియడ్ అయ్యేదాకా ఆయన కుర్చీలో కూర్చోవాలి, ఆయన నిలబడి పాఠం చెప్పాలి. కుర్చీ అంచున ముళ్ళమీద కూర్చున్నట్టు కూర్చున్న నాగశివని ఆయన పరకాయించి చూశారు.

"నువ్వు ఎనిమిదో క్లాసులో కూడా కూర్చున్నావు కదూ? సముద్రానికి పోటు రోజుకొకసారి అని నేనంటే, కాదండి, రెండుసార్లని లేచి చెప్పావు. నిజాంపట్నం కోటయ్య కొడుకువి."

"అవునండి."

నిజాంపట్నం, కోటయ్య, సముద్రం. మూడు మాటలూ కలుపుకుని ప్రసన్నలక్ష్మి లెక్క తేల్చుకుంది. అన్నయ్య నిలబడి ఉన్నాడు, ఆ అబ్బాయి కూర్చున్నాడు. ఆవిడ చేతిలో మల్లెలు అలాగే ఉండిపోయాయి. సీతాలక్ష్మి మాత్రం అమ్మ పేరేంటి బాబూ అని అడిగి, గంగరత్నమండి అని చెప్పించుకుని, కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళింది.

ఆవిడ వచ్చేదాకా నాగశివ ఆగాడు. కాఫీ అందుకోకుండా లేచి నిలబడ్డాడు.

"రెండో మాట కుర్చీలో కూర్చుని అడిగేది కాదండి. శరణ్యగారిని చేసుకోవాలని ఉంది. ఆవిడ ఒప్పుకున్నారో లేదో నాకింకా తెలీదు. మీకు చెప్పకుండా ఆవిణ్ణి అడగడం బాగుండదనిపించింది."

సీతాలక్ష్మి కాఫీ గ్లాసు బల్లమీద పెట్టేసింది. భరద్వాజ అక్క వంక చూశాడు. ప్రసన్నలక్ష్మి, "అన్నయ్యా," అని ఆగిపోయింది.

రాఘవయ్యగారు ప్రూఫులన్నీ ఒక దగ్గరికి చేర్చుకున్నారు. "మొదటిదానికి జవాబు చెప్పాను. రెండోదానికి వ్యవధి కావాలి. కాఫీ తాగి వెళ్ళు," అని తన గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకున్నారు.

*

మధ్యాహ్నం ఆయన భోజనానికి రాలేదు. ప్రెస్ మేనేజరు బాలస్వామికి ఫోన్ చేసి అచ్చు ఆపమన్న మాట మాత్రం బయటికి వినపడింది. ప్రసన్నలక్ష్మి ఊరుకోలేదు. ఆ సంబంధం వాళ్ళకు తనేం జవాబు చెప్పాలి, పెళ్ళంటే ఒక పూట సంగతా, ఆ వాసనల్లో ఈ పిల్ల ఎలా బతుకుతుంది అని అడగవలసినవన్నీ అడిగింది. ఆవిడ అడిగినవాటిలో కొన్ని నిజంగానే ఆలోచించవలసినవి. అక్కేమీ నిజాంపట్నం కాపురానికి పోవడం లేదత్తయ్యా అని భరద్వాజ అంటే, నువ్వు నీ బ్యాంకు పరీక్ష సంగతి చూసుకోమంది.

మూడింటికి నాన్న పిలిస్తే శరణ్య లోపలికి వెళ్ళింది. ఆయన మంచం మీద కాగితాలు పరుచుకుని కూర్చుని ఉన్నారు. తిడతారనుకుంది. తిడితే బాగుండుననుకుంది కూడా.

"గొట్టం సంగతి నీకు ముందే తెలుసా?"

"తెలుసు. నెల్లాళ్ళయింది."

"చెప్పలేదేం?"

"మీరు బాధపడతారని. అతన్ని కూడా చెప్పొద్దన్నాను. నిన్న రేపల్లె వెళ్ళి మరీ చెప్పాను."

ఆయన కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడిచారు.

"సోమవారం అచ్చయిపోయేది. పదివేల మంది పిల్లలు ఆ తప్పు చదివేవాళ్ళు. నా బిడ్డ ఊరుకునేది." ఆయన గొంతులో కోపం లేదు. "నేను తప్పు ఒప్పుకోలేనని నువ్వనుకున్నావు. ఒప్పుకుంటానని వాడనుకున్నాడు. నన్ను ఇద్దరిలో ఎవరు ఎక్కువ నమ్మినట్టమ్మా?"

శరణ్యకి చెంప మీద కొట్టినట్టయింది. ఇరవై ఎనిమిదేళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఈయన్ని తను ఇంత తక్కువగా చూసిందా? మంచం పక్కన నేలమీద కూర్చుని ఆయన మోకాలికి తల ఆనించింది.

"ఇంతకీ నీకు ఇష్టమేనా?" అన్నారాయన. "అతనికింకా తెలీదన్నాడు."

"ఇష్టమే నాన్నా."

"వేటకెళ్ళే ఇల్లు. తిండి వేరు, తీరు వేరు. కష్టంగా ఉంటుంది. మీ అత్తయ్య చెప్పేవాటిలో సగం జరుగుతాయి."

"తెలుసు. ఈసారి దాచకుండా చెబుతున్నాను. భయంగా ఉంది. అయినా అతన్నే చేసుకుంటాను."

ఆయన ఆమె తలమీద చెయ్యి వేసి, మీ అమ్మని పిలువు అన్నారు.

ఆ తలుపు వెనక వాళ్ళిద్దరూ గంటసేపు ఉన్నారు. బయట ముగ్గురూ మూడు మూలల్లో కూర్చున్నారు. మధ్యలో అమ్మ గొంతు ఒకసారి పెద్దదైంది, తర్వాత ముక్కు చీదిన చప్పుడైంది, ఆ తర్వాత ఏమీ వినపడలేదు. నాన్న ఒప్పుకున్నా అమ్మ ఒప్పుకోదేమోనని శరణ్యకు మెల్లమెల్లగా అనిపించసాగింది. స్పెయిన్ రెల్లు కిక్కిస గడ్డికి చెల్లెలైతే సరే, మడి గట్టుకుని వంటచేసే మనిషికి చేపల బుట్ట ఎలా సరే అవుతుంది? వెళ్ళి ఆ తలుపు తట్టాలనిపించింది. లేచి, మళ్ళీ కూర్చుంది.

తలుపు తీసుకుని సీతాలక్ష్మి సరాసరి వంటింట్లోకి వెళ్ళింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎవరితోనూ మాట్లాడకుండా రవ్వ వేయించింది, ఉప్మా చేసింది, అందర్నీ టేబులు దగ్గరికి పిలిచింది. రాఘవయ్యగారు వచ్చి కూర్చున్నారు. ఏమీ తెలియనట్టు నిమ్మకాయ ముక్క వెతుక్కున్నారు. అందరి ప్లేట్లలోనూ వడ్డన అయింది.

సీతాలక్ష్మి ఆఖర్న తన ప్లేటులో కాస్త పెట్టుకుని, కుర్చీ లాక్కుని, ఎవరి మొహమూ చూడకుండా చెప్పింది.

"బుధవారం ఎవరూ పనులు పెట్టుకోకండి. ప్రసన్నా, నువ్వు కూడా ఆగాలి. పొద్దున బండికి రేపల్లె వెళ్ళి, కోటయ్య అన్నయ్యగారినీ గంగరత్నం వదినగారినీ పలకరించి రావాలి."